మహామంత్రి మాదన్న
పదవికి మతమును పరీక్షగా నెంచిన కాలమున ఒక తెలుగు మంత్రి జీవితము

హైదరాబాదునుండి నాగార్జునసాగరము వైపు పోవు బాటలో, రంగారెడ్డి జిల్లాయందు, ఇబ్రహీంపట్టణమను ఊరు కలదు. ఆ ఊరికిని, దాని పెద్ద చెరువునకును ఆ పేరు గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా వలన వచ్చినది. 1550 మొదలు 1580 వరకు రాజ్యమేలిన ఈ సుల్తాను, గద్దె నెక్కుటకు ముందు అన్నకు వెరచి విజయనగరము చేరి, అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపెను. అచ్చట అతనికి తెలుగు రుచి యబ్బెను. తరువాత తన కొలువున తెలుగు కవుల నాదరించెను. వారు ఇబ్రహీమను పేరును తమ నుడికారములోనికి మార్చుకొని మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆతనికే అంకితమిచ్చెను. ఇబ్రహీమునకు సింహాసనము దక్కుటలో తోడ్పడిన వారిలో ముఖ్యుడు జగదేవరావను హిందూ సేనాని.

ఇట్లు గోల్కొండలో రాజుది ఒక మతము, ప్రజలలో పెక్కుమందిది వేరొక మతము. గ్రామముల లెక్కలు కరణముల చేతిలో తెలుగున నుండెను. దర్బారు వ్యవహారము పారసీకమున నడచెను. కుతుబ్ షాహీల ఫర్మానాలు కొన్ని ఈ రెండు భాషలలోను వెలువడెను. రెండు లోకములను కలుపగల నేర్పరికి అట్టి కొలువులో ఎప్పుడును పనియుండును. ఇబ్రహీము గతించిన నూరేండ్లలోపుననే అట్టి నేర్పరియొకడు సామాన్య వ్రాయసగాని స్థితినుండి రాజ్యమునకే మహామంత్రి యయ్యెను. అతడే మాదన్న. పదవి చేపట్టు వాని మతమును చూడవలెనా, సామర్థ్యమును చూడవలెనా అను ప్రశ్న ఆనాడు ప్రపంచమున పలుచోట్ల రాజ్యములను కుదిపివేయుచుండెను. ఆ ప్రశ్నయే మాదన్నను ప్రసిద్ధుని చేసెను. తుదకు ఆతని ప్రాణమును తీసెను.

వ్రాయసమునుండి మంత్రిత్వమునకు

మాదన్న పింగళివారి బ్రాహ్మణ కుటుంబమునకు చెందినవాడు. తండ్రి భానోజీ పంతులు. వీరిది హనుమకొండ ప్రాంతము. సోదరులలో మాదన్నకు జీవితాంతము కుడిభుజమై నిలిచినవాడు అక్కన్న. ఇరువురి పేర్లును విడదీయరాని జంటగా తెలుగువారి నోట నిలిచిపోయెను. ఆస్తిపాస్తులు గాని, ఉన్నత వంశముల చుట్టరికము గాని లేని ఈ సోదరులకు ఉన్న పెట్టుబడి లెక్కలు, వ్రాత, మాట నేర్పు మాత్రమే. మాదన్న గోల్కొండ సేనానులలో ప్రముఖుడైన సయ్యద్ ముజఫరు కడ వ్రాయసగాడుగా చేరి, క్రమముగా అతని నమ్మకమును చూరగొనెను.

1672లో అబ్దుల్లా కుతుబ్ షా మరణించెను. ఆతనికి కుమారులు లేరు, కుమార్తెలు మువ్వురు. పెద్దల్లుడు మొగలు చక్రవర్తి ఔరంగజేబు కుమారుడు. రెండవ అల్లుడు సయ్యద్ అహ్మదు. మూడవ అల్లుడు అబుల్ హసన్. ఇతడు రాజబంధువైనను యౌవనమున చాలకాలము షా రాజు అను సూఫీ గురువు మఠమున శిష్యుడై గడపినవాడు. తానీషా యని మనము పిలుచునది ఇతనినే. రెండవ అల్లుడు గద్దెకై పెనగినను, సయ్యద్ ముజఫరు మొదలగు వారి బలము అబుల్ హసను వైపు నిలిచెను. అబుల్ హసను రాజయ్యెను; ముజఫరు మీర్ జుమ్లా యయ్యెను. మీర్ జుమ్లా యనగా రాజ్యపు ఆదాయవ్యయములను, పాలనను చూచు మహామంత్రి.

రాజును చేసినవాడు రాజుకంటె మిన్నగా మెలగుట చరిత్రలో క్రొత్త కాదు. ముజఫరు అట్లే మెలగెను. అబుల్ హసనునకు పేరు మాత్రము మిగిలెను. అప్పుడు మాదన్న తన యజమానిని విడిచి రాజు పక్షము చేరెను. ముజఫరు క్రింది అధికారులను ఒక్కొక్కరినే రాజు వైపు త్రిప్పెను. యుద్ధము లేకయే ముజఫరు అధికారము చేజారెను. 1674 నాటికి మాదన్న మీర్ జుమ్లా పీఠమున కూర్చుండెను. సూర్యప్రకాశరావు అను బిరుదమును పొందెను. యజమాని ఉప్పు తిని ఆతనినే పడద్రోసెనని అనువారు ఆనాడును ఉండిరి. రాజ్యము రాజుదే కాని సేనానిది కాదని మాదన్న పక్షమువారు సమాధానము చెప్పగలరు. రెంటిలోను సత్యము కలదు.

ఈ నియామకమునకు ముందు ఎవరును మాదన్నను తన మతమును విడువుమని అడుగలేదు. దర్బారున షియా ముసల్మానుల ఆచారములు నడచుచుండెను. మంత్రి నుదుట బొట్టు నిలిచియుండెను. అయితే ఇట్లుండవచ్చునని చెప్పు శాసన మేదియు లేదు. రాజు మెచ్చెను, కనుక పదవి వచ్చెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మాదన్న కథ ముగింపు దీనిలోనే ఇమిడియున్నది.

ఆ సంవత్సరములలోనే ఇంగ్లాండులో

అప్పటికి మద్రాసు కోటలోని ఇంగ్లీషు వర్తకులు గోల్కొండ ప్రభుత్వము నీడలో నుండిరి. 1672లో పొందిన కౌలు ననుసరించి వారు చెన్నపట్టణమునకు ఏటేట 1200 వరహాల పన్ను చెల్లించుచుండిరి. మాదన్న దర్బారునకు వారి లేఖలు, కానుకలు వచ్చుచుండెను. ఈ వర్తకుల స్వదేశములో సరిగా అప్పుడే పదవులకు మతపరీక్షను పెట్టు చట్టమొకటి పుట్టెను.

ఇంగ్లాండు రాజు రెండవ ఛార్లెసు 1672లో మతవిషయమున కొంత స్వేచ్ఛనిచ్చుచు ప్రకటన చేసెను. పార్లమెంటు దానిని అనుమానించెను. రాజు తమ్ముడు జేమ్సు రోమను కాథలిక్కు మతము స్వీకరించెనను మాట అప్పటికే వ్యాపించెను. కాథలిక్కులు అధికారము చేజిక్కించుకొందురను భయము దేశమున నుండెను. పార్లమెంటు 1673లో రాజుచేత ఆ ప్రకటనను రద్దుచేయించి, టెస్టు చట్టమును తెచ్చెను. టెస్టు అనగా పరీక్ష. దాని ప్రకారము పౌర, సైనికోద్యోగములలో చేరిన ప్రతివాడును మూడు నెలలలోపల ఇంగ్లాండు సంఘపు పద్ధతిని ప్రభు భోజన సంస్కారమును స్వీకరింపవలెను. మతాధికారియొద్దనుండి అందుకు యోగ్యతాపత్రము తేవలెను. రాజే సంఘమునకు శిరస్సని న్యాయస్థానమున ప్రమాణము చేయవలెను. సంస్కారమునందలి రొట్టె, ద్రాక్షరసములు క్రీస్తు శరీర రక్తములుగా మారునను కాథలిక్కుల సిద్ధాంతమును తాను నమ్మనని సంతకము చేయవలెను. ఇవి చేయక పదవిలో నిలిచినవానికి 500 పౌనుల జరిమానా.

ఫలితము వెంటనే కనబడెను. రాజు తమ్ముడైన జేమ్సు నౌకాసేనాధిపత్యమును వదలుకొనెను. కోశాధిపతి క్లిఫర్డు పదవిని విడిచిపెట్టెను. కాథలిక్కులే కాక, ఇంగ్లాండు సంఘముతో కలియని ప్రొటెస్టెంటులును ఈ వలలో చిక్కుకొనిరి. నగరపాలక సంఘముల సభ్యులకు ఇట్టి నిబంధనయే 1661 చట్టము వలన ఏర్పడియుండెను. కొందరు ఏడాది కొక్కమారు సంస్కారము స్వీకరించి, తక్కిన దినములలో తమ ప్రార్థనామందిరములకు పోవుచుండిరి. పరీక్ష భక్తిని కొలువలేదు. కపటమునకు దారి చూపెను. లండను నగర సంఘమువారి పని మరింత విచిత్రము. సంస్కారము స్వీకరింపని వారినే బుద్ధిపూర్వకముగా షెరీఫు పదవికి ఎన్నుకొని, వారు నిరాకరింపగా జరిమానా వసూలు చేసి, ఆ సొమ్మును నగరాధ్యక్షుని భవన నిర్మాణమునకు వినియోగించిరి. 1767లో ప్రభువుల సభ ఈ వసూలు చెల్లదని తీర్పు చెప్పువరకు ఈ వ్యవహారము సాగెను.

ఆ కాలపు ఇంగ్లాండులో మాదన్న వంటివాడు చిన్న కచేరీలో గుమాస్తాగా చేరవలెనన్నను తన మతము అడ్డు వచ్చియుండెడిది. గోల్కొండలో అతడు రాజ్యమునే నడపుచుండెను. ఇది మన ప్రాంతమునకు గర్వకారణమే. కాని పోలికను ఇంతటితో ఆపినచో సగము సత్యము మాత్రమే చెప్పినట్లగును.

పన్నెండేండ్ల పాలన

మాదన్న పాలన ఇంచుమించు పన్నెండేండ్లు సాగెను. అంతకుముందు గోల్కొండలో పరగణాల ఆదాయమును ఎక్కువ పాటకు ఒప్పుకొన్నవారికి గుత్తకిచ్చెడి పద్ధతి ప్రబలముగా నుండెను. గుత్తదారుడు రైతునుండి పిండుకొని, సర్కారునకు తన బాకీ కట్టి, మిగిలినది దాచుకొనును. మాదన్న కోశాగారముపై కేంద్రపు పట్టును బిగించెను. పరగణాలపై తనకు నమ్మకమైన వారిని నియమించెను. వారిలో హెచ్చుమంది తెలుగు బ్రాహ్మణులు. కొందరు స్వంత బంధువులు. సోదరుడు అక్కన్న పెద్ద అధికారములు వహించెను. మేనల్లుడు పొదిలి లింగన్న పూందమల్లిలో అధికారియై మద్రాసు ఇంగ్లీషువారిని సరుకుల రాకపోకలు ఆపి ఇబ్బంది పెట్టెను. అందుచే ఇంగ్లీషు, డచ్చి వర్తకుల కాగితములలో ఈ కుటుంబముపై ఫిర్యాదులు విస్తారముగా కలవు. వర్తకుల ఫిర్యాదును తూచి చదువవలెను. పన్ను కట్టుమని గట్టిగా అడిగిన మంత్రిని వర్తకుడు మెచ్చుకొనుట అరుదు.

గోల్కొండలో పనిచేసిన డచ్చి వర్తక సంఘపు ఉద్యోగి దానియేలు హవార్టు, 1693లో ప్రకటించిన తన గ్రంథమున ఈ సోదరులను గూర్చి వ్రాసెను. వారి చిత్రములను కూడ ముద్రించెను. డచ్చివారి కాగితములలో మాదన్న అభిప్రాయమొకటి మిగిలియున్నది. తమవారి పాలనయే రాజునకు మేలైనదని ఆతని వాదము. తమకు వేరు దేశము లేదు, వేరు దేశమును కోరరు, కనుక ఈ దేశపు క్షేమమే తమ క్షేమము. పరదేశమునుండి వచ్చిన ముసల్మాను ప్రభువులు ధనము గడించి, తమ పితృభూమికో పుణ్యభూమికో తిరిగి పోవుటకే చూచెదరు. మాదన్న తలంపు ఇది.

ఈ మాటలో కొంత అనుభవము కలదు. మాదన్నకు పూర్వము గోల్కొండలో మీర్ జుమ్లాయై కర్ణాటకమున అపార ధనము గడించిన మహమ్మదు సయ్యదు 1656 ప్రాంతమున మొగలుల పక్షము చేరి, రాజ్యమునకు తీరని చేటు తెచ్చెను. ఆ గాయము ఇంకను పచ్చిగా నుండెను. అయినను మాదన్న మాటలో మరియొక పరీక్ష తొంగిచూచుచున్నది. మతమును అడుగకున్నను పుట్టుకను అడుగు పరీక్ష అది. పారసీకులు, పఠానులు, దక్కను ముసల్మానులు పలువురు తమకు తలుపులు మూయబడుచున్నవని తలచిరి. ఒక్క కుటుంబము, ఒక్క కులము చుట్టును పదవులు చేరుట వారికి కంటగింపయ్యెను. తనకు తెరచిన ద్వారమును మాదన్న ఇతరులకు తగినంత వెడల్పుగా నుంచలేదు. ఆపదవేళ ఆతనికి అండగా నిలువవలసిన దర్బారులో ఆతని శత్రువులే ఎక్కువై యుండుటకు ఇదియొక కారణము.

మాదన్న బంధువుగా లోకము చెప్పుకొను కంచెర్ల గోపన్న కథ తెలుగువారందరికిని తెలిసినదే. నేలకొండపల్లివాడైన గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి, భద్రాచలమున రామాలయము కట్టించెను. సర్కారు సొమ్ము వాడెనను నేరముపై గోల్కొండ కోటలో చెరబడెను. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ చెల్లించిరని భక్తుల విశ్వాసము. ఇందు మన విషయమునకు కావలసిన అంశమొకటి కలదు. గోపన్నపై మోపబడినది లెక్కల నేరమే కాని మతనేరము కాదు. మహామంత్రి బంధువయ్యును ఆతడు చెరను తప్పించుకొనలేదు. శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వ పక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారమును తానీషా కాలమునకే ముడిపెట్టి చెప్పుదురు.

1677లో ఛత్రపతి శివాజీ హైదరాబాదునకు వచ్చెను. అబుల్ హసను ఆతనిని ఘనముగా గౌరవించెను. ఇరువురి నడుమ జరిగిన ఒప్పందమునకు సూత్రధారి మాదన్న. గోల్కొండ ధనసహాయముతో శివాజీ దక్షిణమున జింజి మొదలగు కోటలను జయించెను. జయించిన నేలలో తమకు భాగము వచ్చునని గోల్కొండవారు ఆశించిరి, అది రాలేదు. అయినను మాదన్న లక్ష్యము వేరొకటి. ఉత్తరమునుండి ఆవరించుచున్న మొగలు సామ్రాజ్యమునకు ఎదురుగా దక్కను రాజ్యములు ఒకదాని కొకటి ఆనుకొని నిలువవలెననునది ఆతని నీతి. 1678లో రాజు కోస్తా యాత్ర చేసి మచిలీపట్టణమును దర్శించెను. కూచిపూడి గ్రామమును నాట్యము నేర్చిన కుటుంబములకు తానీషా దానమిచ్చెనను ప్రసిద్ధి కలదు.

చక్రవర్తి ఆజ్ఞ

మొగలులు గోల్కొండపై మతవిషయమున ఒత్తిడి తెచ్చుట మాదన్నతో మొదలు కాలేదు. 1636లో షాజహాను ఒత్తిడికి లొంగి అబ్దుల్లా కుతుబ్ షా ఒక విధేయతా పత్రముపై ప్రమాణము చేసెను. దాని ప్రకారము శుక్రవారపు ఖుత్బాలో షియాలు స్మరించు పన్నెండుగురు ఇమాముల పేర్లను, పారసీక చక్రవర్తి పేరును మాని, సున్నీలు పాటించునట్లు నలుగురు ఖలీఫాల పేర్లను, షాజహాను పేరును చదివింపవలెను. ఏటేట రెండు లక్షల హొన్నుల కప్పము కట్టవలెను. సింహాసనమున నిలుచుటకు సుల్తానే మతపరమైన ప్రమాణము చేయవలసివచ్చిన ఘట్టమిది. ఇరువురును ముసల్మానులే, అయినను పరీక్ష తప్పలేదు. ఇంగ్లాండులో క్రైస్తవుడు క్రైస్తవుని పరీక్షించినట్లే ఇచ్చటను జరిగెను.

ఔరంగజేబు ఈ ఒత్తిడిని పెంచెను. తన రాజ్యమున 1671 ప్రాంతమున ఖాల్సా భూముల వసూలు పనులలో హిందూ గుమాస్తాలను తీసివేసి ముసల్మానులను పెట్టుమని ఆజ్ఞాపించెను. లెక్కలు తెలిసినవారు చాలక, పని కుంటుపడగా, సగము స్థానములు హిందువులకు ఉండవచ్చునని ఆ ఆజ్ఞను సడలింపవలసి వచ్చెను. ఆ చక్రవర్తి పాలన తొలి ఏండ్లలో దివాను పని చూచినవాడు రాజా రఘునాథుడను హిందువే. ఆతడు 1664లో పదవిలోనే కన్నుమూసెను. జయసింహుడు, జస్వంతసింహుడు మొగలు సేనలను నడపిరి. ఇన్ని తెలిసియు మాదన్న విషయమున మతమునే ప్రధాన నేరముగా చక్రవర్తి చాటుటకు కారణము, ఆతని దృష్టిలో మాదన్న కేవలము హిందువు కాదు. మరాఠాలతో చేయి కలిపి, కప్పము బాకీపెట్టి, గోల్కొండను స్వతంత్రముగా నిలుపజూచు మంత్రి.

1681లో ఔరంగజేబు తానే దక్కనునకు బయలుదేరెను. 1685లో ఆతని సేనలు బీజాపూరును ముట్టడించెను. బీజాపూరునకు సాయము పంపుదునని అబుల్ హసను వ్రాసిన లేఖ మొగలుల చేత చిక్కెను. చక్రవర్తి కుమారుడు షా ఆలము గోల్కొండపైకి నడచెను. గోల్కొండ సేనాపతి మహమ్మదు ఇబ్రహీము మొదట ఎదిరించి, తరువాత శత్రువుతో కలిసిపోయెను. ఆతనికి మొగలు కొలువులో మహాబత్ ఖానను బిరుదము లభించెను. ఆ సంవత్సరము అక్టోబరున మొగలులు హైదరాబాదున ప్రవేశించిరి. రాజు కోట చేరెను. రక్షణ లేని నగరము దోపిడిపాలయ్యెను. హిందూ ముసల్మాను భేదము లేక ఇండ్లు కొల్లగొట్టబడెను.

సంధికై మొగలులు కోరిన వానిలో ఒక కోటి ఇరువది లక్షల రూపాయల బాకీ, ఏటేటి కప్పము, కొంత భూభాగము కలవు. వీటితోపాటు మాదన్నను, అక్కన్నను పదవులనుండి తొలగింపవలెను. అబుల్ హసను తక్కిన వానికి ఒప్పుకొనినను మంత్రిని విడుచుటకు కొంతకాలము జంకెను. ఈ సోదరుల వలననే ఇంత ఆపద వచ్చెనని దర్బారు ప్రభువులు, అంతఃపుర స్త్రీలు తలచిరి. కొద్దికాలములోనే ఒక రాత్రి, రాజసన్నిధినుండి ఇంటికి మరలుచుండగా, సోదరులిరువురును గోల్కొండ వీధిలో హత్య చేయబడిరి. వారి ఇండ్లు దోచుకొనబడెను. ఆ రాత్రి పెక్కుమంది బ్రాహ్మణులు ప్రాణములు కోల్పోయిరి. మాదన్న శిరస్సు మొగలు శిబిరమునకు పంపబడెను.

పరీక్ష చేసినది కాలమే

మంత్రి మతమే కలహమునకు మూలమైనచో ఆ తలతో కలహము తీరవలెను. తీరలేదు. 1686లో బీజాపూరు పడిపోయెను. 1687 ఆరంభమున ఔరంగజేబు స్వయముగా గోల్కొండను ముట్టడించెను. ఎనిమిది నెలలు కోట నిలిచెను. తుదకు సెప్టెంబరు 21న లంచము తినిన అబ్దుల్లా పానీ యను అధికారి తలుపు తీయగా మొగలులు లోపల జొరబడిరి. అబుల్ హసను బందీయై దౌలతాబాదు కోటలో మిగిలిన జీవితము గడపెను.

ఆ తెల్లవారుజామున కోటద్వారము కడ ఒంటరిగా ఎదిరించి, ఒడలెల్ల గాయములతో పడిపోయినవాడు అబ్దుర్ రజాకు లారీ. ఆతడు పారసీక దేశపు లారు నగరమునుండి వచ్చినవాడు. మొగలు పక్షమున చేరుమని పంపిన ఆశలను ఆతడు తిరస్కరించెను. పరదేశులు ధనము గడించి పోవుటకే వత్తురని తలచిన మాదన్న బ్రతికియుండి ఈ దృశ్యమును చూచినచో తన అభిప్రాయమును కొంత సవరించుకొనియుండెడివాడేమో. రాజుతో ఒకే మతమునకు చెందిన మహమ్మదు ఇబ్రహీము పగలే పక్షము మార్చెను. అబ్దుల్లా పానీ రాత్రి తలుపు తీసెను. వేరు మతమువాడైన మాదన్న చివరిదాక రాజుతో నిలిచెను. వేరు దేశమువాడైన లారీ రక్తము చిందించెను. మతము విశ్వాసమునకు కొలబద్ద కాదు, పుట్టుకయు కాదు. గోల్కొండ చివరి రెండేండ్ల చరిత్ర దీనికి చాలినంత సాక్ష్యము.

ఇక మొదట చెప్పిన పోలికను పూర్తి చేయవలసియున్నది. ఇంగ్లాండులో తలుపు మూసినది చట్టము. గోల్కొండలో తలుపు తెరచినది రాజు అనుగ్రహము. అనుగ్రహము మంచిదే కాని దానికి కాపలా లేదు. మాదన్న పదవిని కాపాడుటకు చూపదగిన శాసనము గాని, ఆశ్రయింపదగిన న్యాయస్థానము గాని లేదు. రాజు మనసు, రాజు బలము మాత్రమే కలవు. బలము తరిగిననాడు మనసు తరిగెను, తల తెగెను. చట్టముచే మూయబడిన తలుపును మాత్రము చట్టముచేతనే తెరువవచ్చును. అందుకు ఇంగ్లాండువారికి నూటయేబది యేండ్లకు పైగా పట్టెను. 1828లో ప్రభు భోజన నిబంధన తొలగెను. 1829లో కాథలిక్కులకు పార్లమెంటు ద్వారములు తెరువబడెను. యూదులు క్రైస్తవ ప్రమాణము చేయకయే కామన్సు సభలో కూర్చుండుట 1858లో సాధ్యమయ్యెను. దేవుని నమ్మనని చెప్పిన బ్రాడ్లా, సభ్యుడుగా ఎన్నికయ్యును ఆసనమునకై 1880నుండి 1886వరకు పోరాడవలసి వచ్చెను. ప్రమాణమునకు మారుగా సత్యప్రతిజ్ఞ చాలునని 1888 చట్టము స్థిరపరచెను. అమెరికావారు 1787లోనే తమ రాజ్యాంగమున పదవులకు మతపరీక్ష ఉండరాదని వ్రాసుకొనిరి.

భారతదేశమున కంపెనీ పాలనలోని 1833 చార్టరు చట్టము మతము, జన్మస్థలము, వంశము, వర్ణము కారణముగా ఎవరికిని ఉద్యోగము నిరాకరింపరాదని చెప్పెను. ఆ మాట చాలకాలము కాగితమునకే పరిమితమయ్యెను. హైదరాబాదు సంస్థానమున ఆసఫ్ జాహీల కాలమున చందూలాలు, కిషన్ ప్రసాదు వంటి హిందువులు మహామంత్రులైరి. అదియు మాదన్న కాలమునాటి వలెనే ప్రభువు అనుగ్రహమే. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ విషయమును అనుగ్రహమునుండి హక్కుగా మార్చెను. పదునారవ అధికరణము ప్రకారము మతము, జాతి, కులము, లింగము, పుట్టుక, నివాసము మొదలగు కారణములచే మాత్రమే ప్రభుత్వోద్యోగమునకు ఎవరిని గాని అనర్హుని చేయరాదు. మంత్రి పదవి స్వీకరించువాడు దేవుని పేర ప్రమాణము చేయవచ్చును. లేదా సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేయవచ్చును. ఏది చేసినను పదవి ఒక్కటే.

మాదన్నను కొందరు మతవీరునిగా కీర్తించిరి. కొందరు గోల్కొండ పతనమునకు కారకుడని నిందించిరి. ఆతడు ఈ రెంటిలో ఏ మూసలోను ఇముడడు. నేర్పు, పట్టుదల, రాజభక్తి కలవాడు. స్వజనపక్షపాతము కూడ కలవాడు. హైదరాబాదులో మాదన్నపేట ఆతని పేరును నిలుపుకొన్నది. పాతనగరమున అక్కన్న మాదన్నల పేరిట మహంకాళి దేవాలయము కలదు. బోనాల వేళ అచ్చట జనము క్రిక్కిరియును. గోల్కొండ కోట నెక్కు విద్యార్థులకు శిథిలములైన గోడలను చూపి అక్కన్న మాదన్నల కచేరీ యని చెప్పుదురు. ఆ గోడల నడుమ ఒకనాడు తెలుగు లెక్కలు, పారసీక ఫర్మానాలు ఒకే బల్లపై కలిసియుండెను. ఆ కలయికను కాపాడుటకు ఒక మంచి రాజు చాలడు. రాజు మారినను మారని శాసనమొకటి కావలెను. మాదన్న తన ప్రాణమిచ్చి మనకు మిగిల్చిన పాఠమిది.